ప్లగ్గు తీసిన చెయ్యి

శ్రీకర ట్రాన్స్‌క్రిప్షన్స్ అనే కంపెనీలో సర్వర్‌కి ప్రత్యేకంగా గది ఉంది, గదికి ఏసీ ఉంది, తలుపుకి తాళం ఉంది. ఆ సర్వర్‌ని చూసుకునే సంధ్యకి మాత్రం కుర్చీ లేదు. టైపిస్టుల హాల్లోంచి ప్లాస్టిక్ స్టూలొకటి తెచ్చుకుని, ఏసీ గాలి మెడ మీద కొడుతుంటే చున్నీ చెవుల చుట్టూ చుట్టుకుని, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని పనిచేసేది. ఆ వేషంలో ఆమెను చూసినవాళ్లెవరూ సిస్టమ్స్ విభాగం మనిషి అనుకోరు. జ్వరంతో ఆఫీసుకొచ్చిన టైపిస్టు అనుకుంటారు.

కంపెనీ మాదాపూర్ రోడ్డు మీద మూడో అంతస్తులో ఉండేది. కిటికీలోంచి చూస్తే కొత్తగా లేచిన గుండ్రటి టవర్, దాని వెనక రాయదుర్గం బండలు, బండల మీద మేకలు కనిపించేవి. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు రాత్రికి రాత్రి ఈ సర్వర్‌లోకి వచ్చి పడితే, నలభై మంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ వాటిని టైపు చేసేవారు. 1999 సెప్టెంబరులో ఆ అమెరికా ఆసుపత్రి వాళ్లకు భయం పట్టుకుంది. తమ రోగుల జబ్బులు దారిలో ఇంకెవరైనా చదివేస్తారేమోనని. అక్టోబరు మూడో వారంలో మీ సర్వర్‌ని ఇంటర్నెట్ ద్వారా బయటినుంచే పరీక్షిస్తాం, అవసరం లేని నెట్‌వర్క్ తలుపు ఒక్కటి తెరిచి కనిపించినా ఊరుకోం అని ఉత్తరం రాశారు. ఎండీ రంగనాథ్ ఆ ఉత్తరాన్ని సిస్టమ్స్ మేనేజర్ వినయ్‌కి ఇచ్చాడు. వినయ్ దాన్ని సంధ్యకి ఇచ్చాడు. సంధ్య కింద ఎవరూ లేరు కాబట్టి అది అక్కడ ఆగింది.

ఆ అక్టోబరు నెలాఖరుకి సంధ్య ఆర్నెల్ల ప్రొబేషన్ అయిపోతుంది. ఆ తలుపులకు కాపలా కాసే ఫైర్‌వాల్ నిలబడితే ఆమెను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఖాయం చేస్తామనీ, లేకపోతే ఆ పోస్టుకి బయటినుంచి మనిషిని తెచ్చుకుంటామనీ, టైపింగ్‌లో ఆమె పాత సీటు ఇప్పటికే వేరే అమ్మాయికి ఇచ్చేశామనీ వినయ్ నవ్వుతూనే చెప్పాడు. అతనికి ఏది చెప్పినా నవ్వుతూ చెప్పే అలవాటు ఉంది.

ఫైర్‌వాల్ అంటే ఏదో పెట్టె కొని తగిలించడం అనుకున్నాడు రంగనాథ్. పెట్టె ధర విని, ఉచితంగా వచ్చేదేదైనా చూడమన్నాడు. ఉచితంగా వచ్చేది ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఇచ్చిన లినక్స్ సీడీలో ఉంది. సంధ్య దాన్ని ఎక్కించబోతే, నాకంటే ముందు ఇంకో ప్యాకేజీ కావాలంది. ఆ ఇంకోదాన్ని ఎక్కించబోతే, పాతది నాకు అడ్డంగా ఉందంది. పాతదాన్ని తీయబోతే, నన్ను తీస్తే మరో నాలుగు పడిపోతాయంది. పెళ్లిలో అలిగిన చుట్టాల్ని ఒక్కొక్కరినీ బతిమాలి బంతికి కూర్చోబెట్టినట్టు, రెండు రోజులు తంటాలు పడి అన్నిటినీ వరసలో పెట్టింది.

తర్వాత నియమాలు రాయాలి. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో, ఒక్కోటి ఒక్కో లైను. యంత్రం వాటిని పైనుంచి కిందికి చదువుతుంది, ముందు ఏది సరిపోతే దాని ప్రకారమే నడుస్తుంది. అందరినీ ఆపు అన్న లైను పైన పడితే కింద ఎంత మంచి లైను ఉన్నా లాభం లేదు. సంధ్య వాటిని ముందు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకుని, చెరిపి, మళ్లీ రాసుకుని, అప్పుడు టైపు చేసేది.

ఇంత చేసినా వాటిని యంత్రంలోకి ఎక్కించే అధికారం ఆమెకు లేదు. దానికి రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది వినయ్ దగ్గరే ఉండేది. అవసరమైనప్పుడల్లా అతను వచ్చి, ఎడమచేయి కీబోర్డుకు అడ్డంపెట్టి, కుడిచేత్తో టకటకా కొట్టేవాడు. పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడని చేయి అడ్డం పెట్టుకునే పిల్లాడిలాగే ఉండేవాడప్పుడు. ఆమె పనిచేసుకునే ఆ పావుగంటా వెనకాలే నిలబడి గడియారం చూసుకునేవాడు. పని మధ్యలో ఉన్నా సరే, లాగవుట్ చేసి వెళ్లిపోయేవాడు. ఇంటి తాళాలు పనిమనిషికిచ్చి గుమ్మంలో కాపలా కాసినట్టుండేది సంధ్యకి. ఒళ్లు మండేది కానీ నోరు మెదిపేది కాదు.

ఆ కంపెనీలో ఆమెతో నోరారా మాట్లాడే మనిషి యాదమ్మ ఒక్కతే. కాంట్రాక్టరు తరఫున ఊడ్చి తుడిచే పనికొచ్చేది, యాభై దాటిన మనిషి, మహబూబ్‌నగర్ వైపునుంచి వచ్చి బోరబండలో ఉండేది. సంధ్య వాళ్లదీ బోరబండే. పొద్దున ఇద్దరూ ఒకే సెవెన్ సీటర్‌లో ఇరుక్కుని వచ్చేవారు. ఆటోలో ఉన్నంతసేపూ సంధ్యను బిడ్డా అనేది యాదమ్మ. బిల్డింగు గేటు దాటగానే మేడం అనేది. అలా అనొద్దని సంధ్య ఎన్నిసార్లు చెప్పినా, లోపల లోపలి లెక్క, బయట బయటి లెక్క అని నవ్వేసేది. రోజుకో ముచ్చట అడిగేది. నువ్వు కడుతున్న గోడ ఏది, నాకు కనిపిస్తలేదేందని ఒకరోజు ఆటోలో అడిగితే, అది ఇటుకల గోడ కాదు పెద్దమ్మా, గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టే పేర్ల చిట్టీ లాంటిదని చెప్పింది సంధ్య. అయితే బాగా రాయి, మన పేర్లు కూడా ఎక్కించు అంది యాదమ్మ.

దసరాకి మూడు రోజుల ముందు నియమాలన్నీ ఎక్కాయి. ఒక టైపిస్టు కంప్యూటర్ నుంచి సంధ్య ఒక్కో తలుపూ తట్టి చూసింది. తెరవాల్సినవి తెరుచుకున్నాయి, మూయాల్సినవి మూసుకున్నాయి. ఆర్నెల్లలో మొదటిసారి ఆమెకు హాయిగా ఊపిరాడింది. ఒక్క పని మిగిలింది. ఈ నియమాలన్నీ యంత్రం జ్ఞాపకంలో మాత్రమే ఉంటాయి. కరెంటు ఆపితే తుడిచిపెట్టుకుపోతాయి. యంత్రం లేవగానే వాటిని మళ్లీ చదువుకొమ్మని స్టార్టప్ ఫైల్లో ఒక్క లైను రాయాలి. అప్పటికే వినయ్ లాగవుట్ చేసేశాడు.

"సార్, ఒక్క లైను మిగిలింది. అది పెట్టకపోతే సర్వర్ ఆపినప్పుడు రూల్స్ అన్నీ పోతాయి."

"ఆపితే కదా సంధ్యా. యూపీఎస్ ఉంది, జనరేటర్ ఉంది. ఏప్రిల్ నుంచి ఈ బాక్స్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆడిట్ అయ్యాక తీరిగ్గా పెడదాం."

మరునాడు మళ్లీ అడిగింది. ఆ సాయంత్రం కూడా అడిగింది. మూడోసారి అడిగినప్పుడు అతను నవ్వకుండా చూశాడు. ఇక నాలుగోసారి అడిగే ధైర్యం ఆమెకు చాలలేదు.

ఆయుధపూజ నాడు మధ్యాహ్నం రంగనాథ్ భార్య పద్మావతి పూలబుట్టతో, గుమ్మడికాయతో దిగింది. అనంతపురంలో వాళ్ల పుట్టింటివారికి వేరుశనగ నూనె మిల్లు ఉండేది. ఏడాదికొక్కసారి ఆ రోజున మిల్లు ఆపి, యంత్రాలు కడిగి, బొట్టు పెట్టి, మరునాడంతా ముట్టుకోకుండా వదిలేసేవారట. ఇక్కడా అలాగే జరగాలంది. ఒకరోజు సెలవని అమెరికాకి ముందే రాశారు కాబట్టి టైపిస్టుల కంప్యూటర్లన్నీ ఆపేశారు. ఒక్కోదానికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పద్మావతి మంచి మనిషే. టైపిస్టులందరినీ పేరుపేరునా పలకరించి, రవ్వలడ్డు చేతిలో పెట్టి, తిన్నదాకా అక్కడే నిలబడింది. చివరికి సర్వర్ గది దగ్గరికొచ్చి, లోపల గుయ్యిమంటున్న శబ్దం విని ఆగింది.

"ఇదొక్కటీ తిరుగుతానే ఉందే. అన్నిటికన్నా ఎక్కువ కష్టపడేది ఇదే కదప్పా. దీనికి కూడా ఈ పొద్దు రెస్టు ఇయ్యల్ల."

సంధ్య వినయ్ వైపు చూసింది. చెప్పాల్సింది అతను. వినయ్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఇక ఉండబట్టలేక, దీన్ని మాత్రం ఆపకూడదు మేడమ్ అని సంధ్యే గొణిగింది. పద్మావతి చిన్నబుచ్చుకోలేదు, ఎందుకమ్మా అని అడిగింది కూడా. సంధ్య జవాబు వెతుక్కునేలోగా రంగనాథ్ నవ్వి, ఒక్కరోజుకి ఏం కాదులే, మా ఆవిడ మాట కాదంటే ఇంట్లో నా సర్వర్ ఆగిపోతుందన్నాడు. అందరూ నవ్వారు. వినయ్ అందరికంటే గట్టిగా నవ్వి, కూర్చుని, చేయి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టి, ఆపమని ఆజ్ఞ ఇచ్చాడు. అంతలో సెల్‌ఫోన్ మోగింది. వరండాలోకి నడుస్తూ, "యాదమ్మా, తెర నల్లబడ్డాక ఆ ప్లగ్గు తీసెయ్" అన్నాడు.

గదిలో పసుపునీళ్ల గిన్నె పట్టుకుని నిలబడ్డ యాదమ్మ గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, సంధ్య ముఖంలోకి చూసింది. తియ్యాలా వద్దా అని అడిగే చూపు అది. సంధ్య చూపు దించుకుంది. అక్కడ ఎండీ ఉన్నాడు, ఎండీ భార్య ఉంది, హారతి పళ్లెం ఉంది. యాదమ్మ వంగి, దేవుడి దగ్గర దీపం కొండెక్కకుండా ఒత్తి సవరించేంత మెల్లగా ప్లగ్గు తీసింది. గుయ్యిమనే శబ్దం ఆగిపోయింది. ఆ పూట మిగతా టైమంతా సంధ్య పండగని కళ్లతో చూసిందే గానీ మనసులో మాత్రం ఇరవై మూడు నియమాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

పండగ మరునాడు తెల్లవారుజామునే వినయ్ వచ్చి సర్వర్ ఆన్ చేసి, తన కేబిన్‌లోకి వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి సంధ్య వచ్చీరావడంతోనే బ్యాగు కూడా దించకుండా ఒక టైపిస్టు కంప్యూటర్ దగ్గర నిలబడి, మూసి ఉండాల్సిన తలుపొకటి తట్టింది. తెరుచుకుంది. ఇంకోటి తట్టింది. అదీ తెరుచుకుంది. నియమాల ఫైలు ఆమె దగ్గరే భద్రంగా ఉంది, ఎక్కించడం ఒక్క నిమిషం పని. ఆ నిమిషానికి పాస్‌వర్డ్ కావాలి.

వినయ్ ఎండీ కేబిన్‌లో మీటింగులో ఉన్నాడు. తలుపు తోసి, అర్జంటు సార్ అంది. రంగనాథ్ చేత్తోనే ఆగమన్నాడు. వాళ్లు మాట్లాడుకుంటున్నది ఆడిట్ గురించే. అద్దం తలుపు బయట ఆమె పన్నెండున్నర దాకా నిలబడింది. లోపల వినయ్ బోర్డు మీద ఫైర్‌వాల్ బొమ్మ గీసి చూపిస్తున్నాడు, చాలా బాగా గీశాడు. రెండుసార్లు చీటీ రాసి లోపలికి పంపింది. రెండు చీటీలూ అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాదమ్మ అటుగా వెళ్తూ, కూసో మేడం, కాళ్లు గుంజుతయి అని తన బకెట్ పక్కనున్న స్టూలు లాక్కొచ్చి వేసింది. సంధ్య కూర్చోలేదు.

బయటికొచ్చాక అతను విషయం విని, పరుగున వచ్చి పాస్‌వర్డ్ కొట్టాడు. ఈసారి చేయి అడ్డం పెట్టడం మరిచిపోయాడు. సంధ్యే తల పక్కకి తిప్పుకుంది. ఒక్క నిమిషంలో నియమాలన్నీ ఎక్కాయి. ఆలోగానే అమెరికా వాళ్లు అక్కడినుంచే తలుపులన్నీ తట్టి చూసేశారు. మరునాడు ఫ్యాక్స్ వచ్చింది, పదకొండు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయని, కారణమేమిటో, బాధ్యులెవరో, వాళ్ల మీద ఏం చర్య తీసుకున్నారో రెండు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పకపోతే పని ఆపేస్తామని.

ఆ సాయంత్రం వినయ్ ఆమెను తన కేబిన్‌లోకి పిలిచి కూర్చోమన్నాడు. ఆ కేబిన్‌లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆమె కన్ఫర్మేషన్ లెటరు, సంతకం లేకుండా. రెండోది అమెరికాకి పంపాల్సిన జవాబు. చదివింది. సర్వర్ గది శుభ్రం చేస్తూ హౌస్‌కీపింగ్ పనిమనిషి అనుమతి లేకుండా ప్లగ్గు తీసిందనీ, దానివల్ల నియమాలు చెరిగిపోయాయనీ, ఆమెను పనిలోంచి తొలగించామనీ ఉంది. కింద, పరిశీలించి ధ్రువీకరించినవారు అని, సంధ్య పేరు.

పూజ సంగతి లేదు. స్టార్టప్ ఫైల్లో రాయని లైను సంగతి లేదు. మూడుసార్లు అడిగిన సంగతి అసలే లేదు. తీయమన్నది మీరే కదా సార్ అని సంధ్య మెల్లగా అంది. వినయ్ కోపం తెచ్చుకోలేదు. దేవుడికి పూజ చేసి సర్వర్ ఆపామని రాస్తే వాళ్లు నవ్వి కాంట్రాక్టు తీసేసుకుంటారనీ, నలభై మంది రోడ్డున పడతారనీ ఓపిగ్గా నచ్చజెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు కూడా. ఆ నలభై మందిలో సగం మంది ముఖాలు సంధ్యకి తెలుసు.

"యాదమ్మకి ఇంకో ఆఫీసు దొరుకుతుంది సంధ్యా. ఊడవడానికి ఎక్కడైనా ఊడవొచ్చు. నీకు ఇంకో సర్వర్ ఎవరిస్తారు?"

ప్లగ్గు తీసింది ఆమే కదా, అందులో అబద్ధమేముంది అనుకుంది సంధ్య. ఆ మాట అనుకున్నందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది. పెన్ను తీసుకుంది. రిఫిల్ అయిపోయిందో ఏమో గీత పడలేదు. వినయ్ తన పెన్ను మూత తీసి అందించాడు. ఆమె సంతకం పెట్టింది. అతను ఆ కాగితం తీసుకుని, కన్ఫర్మేషన్ లెటరు మీద తన సంతకం పెట్టి ఇచ్చాడు. బయటికొచ్చేసరికి యాదమ్మ వెళ్లిపోయింది. బకెట్, చీపురు మెట్ల కింద ఎప్పుడూ పెట్టే చోట నీట్‌గా పెట్టి ఉన్నాయి.

ఒకటో తారీఖున సీలు వేసిన కవరులో రూట్ పాస్‌వర్డ్ వచ్చింది. కుర్చీ కూడా వచ్చింది. సంధ్య స్టార్టప్ ఫైలు తెరిచి ఆ ఒక్క లైనూ రాసింది. సర్వర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి చూసింది. ఇరవై మూడు నియమాలూ వరసగా నిలబడ్డాయి. ఆనందం రాలేదు. ఎన్నాళ్లనుంచో కోరుకున్నది చేతికొచ్చాక, అది పట్టుకోవాలంటేనే సిగ్గనిపించింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఇంట్లో వాళ్లు స్వీట్లు పంచుతుంటే తలనొప్పని పడుకుంది.

ఆదివారం పొద్దున ఇక ఉండలేక యాదమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రైలు పట్టాలకి ఇవతల సిమెంటు రేకుల గది. తిట్లు తినడానికే వెళ్లింది. తిట్టాలని కోరుకుంటూ వెళ్లింది. యాదమ్మ వాకిట్లో బట్టలు పిండుతోంది. చూడగానే తడి చేతులు దులుపుకుంటూ లేచి, గోడకు ఆనించిన మంచం వాల్చి కూర్చోమంది. ఛాయ్ పెట్టబోతే సంధ్య వద్దంది. వద్దన్నా పెట్టింది. ఏం పనికి పోతున్నావని అడిగితే, శేరిలింగంపల్లిలో కడుతున్న ఒక బిల్డింగులో తట్టలు మోస్తున్నానంది. పక్క ఆఫీసు వాళ్లు ఊడ్చే పనికి పిలిచారట గానీ వెళ్లలేదట.

"ఎందుకు పోలే పెద్దమ్మా?"

"ఆడ గూడ మిషన్లున్నయంట బిడ్డా. ఇగ నేను మిషన్లున్న కాడికి పోను. నా చేతుల ఏదో ఉన్నది. ఒక్క వైరు గుంజితే గంత పెద్ద కంపెనీ పరేషాన్ అయ్యె. నీ నౌకరి గూడ పోతుండె అన్నడు వినయ్ సారు. నీ మొకం ఎట్ల చూడాలె అని ఆటోల గూడ వస్తలేను."

సంధ్య ఛాయ్ గ్లాసు కింద పెట్టింది. తర్వాత అంతా చెప్పేసింది. ప్లగ్గు తీసినందువల్ల ఏమీ కాలేదని, అప్పటికే వినయ్ సర్వర్ ఆపేశాడని, ఆపితే ఏమవుతుందో తనకు ముందే తెలుసని, రాయాల్సిన లైను రాయనివ్వలేదని, తీయమన్నది వినయ్ అని, నీ తప్పని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది నేనేనని. ఏడుస్తూనే చెప్పింది. నీ చెయ్యి మంచిదే పెద్దమ్మా, రేపే నీతో వస్తా, ఆ పక్క ఆఫీసులో నేనే మాట్లాడతా అంది.

యాదమ్మ ఆమె పక్కన కూర్చుని, తడి చెయ్యి కొంగుతో తుడుచుకుని, వీపు నిమిరింది. ఆమె ముఖంలో కోపం వస్తుందేమోనని సంధ్య చూసింది. కోపం లేదు, జాలి ఉంది.

"నా కొరకు గిట్ల నెత్తినేసుకోకు బిడ్డా. నీ మనసు మంచిది గావట్టి చెప్తున్నవ్. నాకు తెల్వదా? వినయ్ సారు కాయిదం మొత్తం చదివి ఇనిపిచ్చిండు. కాంట్రాక్టరు చదివిండు. పెద్దసారు చదివిండు. నువ్వు గూడ సంతకం పెట్టినవంట. నేను గూడ వేలుముద్ర వేసిన. గింతమంది చదువుకున్నోళ్లు ఒక్క తీరుగ రాస్తే, అది అబద్ధమెట్లయితది?"

సంధ్య మళ్లీ చెప్పబోయింది. మొదటినుంచీ, మెల్లగా, ఆటోలో చెప్పినట్టే, గేటు, వాచ్‌మన్, పేర్ల చిట్టీ అంటూ. యాదమ్మ కాసేపు ఓపిగ్గా విని, చిన్నపిల్ల మారాం చేస్తే పెద్దవాళ్లు ఊ కొట్టినట్టు ఊ కొట్టింది. అర్థమైందా పెద్దమ్మా అని అడిగితే, అయింది బిడ్డా అంది. అయితే రేపు వస్తవా అని అడిగితే, తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఫికర్ జేయకు. తప్పు నాదే అని అందరికీ జెప్పిన. నీ పేరు యాడ గూడ రానియ్య."

ఛాయ్ చల్లారిపోయిందని, మళ్లీ వేడి చేసి తెస్తానని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మంచం మీద కూర్చున్న సంధ్యకి లేచి వెళ్లిపోదామనిపించింది. యాదమ్మ పొయ్యి వెలిగించి, లోపలినుంచే, చక్కెర ఇంకొంచెం వెయ్యాలా అని అడిగింది. వేయమంది సంధ్య.